బందరు చూసివద్దాం రండి

కార్తీకమాసం వచ్చిందంటే వార్తల్లో ఒక మాట వినిపించక మానదు. "బంగాళాఖాతంలో వాయుగుండం బలపడింది. మచిలీపట్నం రేవులో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగరవేశారు." ఈ మాట మీరూ ఎన్నోసార్లు వినే ఉంటారు. ఆ మచిలీపట్నాన్నే మనం బందరు అంటాము. బందరు అనగానే లడ్డు కూడా గుర్తుకు వస్తుంది. ఒకే ఊరికి ఇంత తియ్యని పేరూ, అంత భయంకరమైన పేరూ ఎలా వచ్చాయి?

మొన్న సంక్రాంతి సెలవులకు మా అక్కయ్య పిల్లలిద్దరు బెజవాడలో మా ఇంటికి వచ్చారు. పిల్ల ఏడో తరగతి, పిల్లవాడు నాలుగో తరగతి. ఎక్కడికైనా తీసుకుపొమ్మని నా ప్రాణం తీశారు. "బందరు పోదాం" అన్నాను.

"బందరంటే లడ్డు గదూ, మామయ్యా!" అని పిల్లవాడు ఎగిరి గంతువేశాడు.

"కాదు, బందరంటే తుఫాను" అన్నది వాళ్ళక్క.

ఎవరి మాట నిజమో వెళ్ళి చూస్తేనే తెలుస్తుందని బయలుదేరదీశాను.

బెజవాడ నుంచి బందరుకు దారి తెలియనివాడు ఉండడు. బెజవాడలో బందరు రోడ్డు ఉన్నది, బందరు కాలవా ఉన్నది. రెండింట్లో దేన్ని పట్టుకుని పోయినా బందరు చేరవచ్చు. కృష్ణకు ఆనకట్ట కట్టిన తరవాత, రైలు రాక మునుపు, జనం ఈ కాలవ మీద పడవల్లోనే ప్రయాణం చేసేవారు. మేము మాత్రం రైలెక్కాము. గుడివాడ దాటి, పెడన దాటి, చిలకలపూడి దాటాక బందరు వస్తుంది. అక్కడితో పట్టాలు ఆఖరు. రైలు ఇంక ముందుకు పోదు.

దారి పొడుగునా పిల్లలకు నేనొక పని పెట్టాను. "కిటికీలో నుంచి చూస్తూ ఉండండి. కొండగాని, గుట్టగాని, కనీసం పెద్ద దిబ్బగాని కనిపిస్తే చెప్పండి" అన్నాను. వరి కోసిన పొలాల్లో మినుము పచ్చగా ఉన్నది. తాటిచెట్లు, కాలవలు, చెరువులు కనిపించాయి. దిబ్బ మాత్రం ఒక్కటీ కనిపించలేదు. బల్లపరుపుగా పరిచిన చాపలాగా ఉన్నది నేల.

"ఇదంతా కృష్ణ తెచ్చిపోసిన నేల. ఎక్కడెక్కడి కొండల్లోని మట్టినో వేలాది ఏళ్ళుగా కొట్టుకువచ్చి ఇక్కడ పరిచింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, సాయంత్రం మళ్ళీ అడుగుతాను" అన్నాను.

బందరులో దిగేసరికి పిల్లల కడుపులో ఎలుకలు పరుగెత్తుతున్నాయి. కోనేరు సెంటరు దగ్గర ఒక చిన్న హోటలులో కూర్చున్నాము. కృష్ణాజిల్లాకు వచ్చి ఇడ్లీ తినడం నా దృష్టిలో తప్పు. పెసరట్టులో ఉప్మా పెట్టించి, పైన అల్లం పచ్చడి వేయించి ఇప్పించాను. అల్లం ఘాటుకు పిల్లవాడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు గాని, రెండోది కూడా తిన్నాడు.

తినడం అవుతుంటే ఊరిపేరు సంగతి వచ్చింది. బందరు అనేది తెలుగు మాట కాదు. పారసీకంలో 'బందర్' అంటే ఓడరేవు. గోలకొండ నవాబుల కాలంలో ఇదే వారికి పెద్ద రేవు. ఇక్కడి నుంచి పారసీక దేశానికి ఓడలు పోతూ వస్తూ ఉండేవి. అందుకని జనం నోట రేవు అన్న మాటే ఊరిపేరైపోయింది. అసలు ఈ ఊరు అంతకంటె చాలా పాతది. సుమారు రెండువేల ఏళ్ళ క్రితం ఒక గ్రీకు నావికుడు రాసిన పుస్తకంలో 'మసాలియా' అనే తీరం పేరు ఉన్నది. అక్కడ సన్నని నూలుబట్టలు విస్తారంగా నేస్తారని అతడు రాసుకున్నాడు. ఆ మసాలియా ఈ ప్రాంతమేనని పండితులు చెబుతారు.

"మరి ఓడలేవీ?" అని అడిగింది మా మేనకోడలు. మంచి ప్రశ్నే. జవాబు సముద్రం దగ్గర చెబుతానన్నాను. పిల్లవాడికి సముద్రం సంగతి అప్పుడే పట్టలేదు. వాడి కళ్ళన్నీ ఎదుటి మిఠాయి కొట్టు మీద ఉన్నాయి.

బందరు లడ్డును తొక్కుడు లడ్డు అని కూడా అంటారు. కొట్టతను ఆ మాట అనగానే మావాడు చేతిలో లడ్డు అలాగే పట్టుకుని, "కాళ్ళతో తొక్కుతారా?" అని అడిగాడు. కొట్లో ఉన్నవాళ్ళందరూ ఫక్కున నవ్వారు. తొక్కడమంటే ఇక్కడ దంచడం. తొక్కుడు పచ్చడి అనడం లేదూ? ఇదీ అంతే.

లడ్డు అంటే బూందీ దూసి, పాకంలో వేసి, ఉండ కట్టడమే గదా అనుకుంటాము. బందరు లడ్డు అలా కాదు. శనగపిండి కలిపి, సన్నని పూసగా వత్తి, నేతిలో వేయిస్తారు. ఆ పూసను రోట్లో వేసి మెత్తగా దంచుతారు. దంచిన పిండిని జల్లెడ పడతారు. దాన్ని బెల్లంపాకంలో కలుపుతారు. ఇంతటితో అయిందనుకుంటే పొరపాటు. పాకంలో కలిపిన ముద్దను మళ్ళీ రోట్లో వేసి, నెయ్యి చిలకరిస్తూ, చాలాసేపు దంచాలి. చేతులు పడిపోయేదాకా దంచాలి. ఆ తరవాత ఏలకుల పొడి, జీడిపప్పు, పటికబెల్లం పలుకులు వేసి ఉండలు కడతారు.

ఇంత దంచడం ఎందుకు? దీనిలో కొంచెం శాస్త్రం ఉన్నది. పిండి రేణువు కొంత పెద్దదిగా ఉంటే నాలుకకు బరకగా తగులుతుంది. చాలా చిన్నదైపోతే నాలుక దాన్ని విడిగా పోల్చుకోలేదు. అప్పుడు 'మెత్తగా ఉన్నది' అంటాము. దంచినకొద్దీ రేణువులు చిన్నవవుతాయి, నెయ్యి ఒక్కొక్క రేణువు చుట్టూ పట్టుకుంటుంది. అందుకే బందరు లడ్డును కొరకనక్కరలేదు, నోట్లో పెట్టుకుంటే దానంతట అదే కరుగుతుంది. పూసను వేయించినప్పుడే అందులోని తడి పోతుంది గనక చాలా రోజులు నిలవ ఉంటుంది. బొందిలీలు అనే వారు ఉత్తరాదిన బుందేల్‌ఖండు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడి, ఈ విద్య బందరుకు తెచ్చారని చెబుతారు. 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అంటే ఎక్కడో లడ్డు చేసి దానికి బందరు లడ్డు అని పేరు పెట్టి అమ్మడానికి వీలులేదు.

హల్వా సంగతి కూడా చెప్పాలి. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు పిండి, ఆ పాలు పేరుకునేదాకా ఉంచుతారు. పైన తేరిన నీళ్ళు వంచేసి, అడుగున మిగిలిన చిక్కని పాలను తీపితోను నేతితోను కలిపి, పెద్ద బాణలిలో గంటల తరబడి తిప్పుతారు. తిప్పడం మానితే అడుగంటుతుంది. మా మేనకోడలికి లడ్డుకన్న ఇదే నచ్చింది. నన్నడిగితే, పూట భోజనానికి ముందు ఈ రెండిటి జోలికీ పోకూడదు. మేము పోయాము, మధ్యాహ్నం దాని ఫలితం అనుభవించాము. మెస్సులో చేపల పులుసూ, రొయ్యల ఇగురూ వేడివేడిగా వడ్డిస్తుంటే పిల్లలు కెలికి వదిలిపెట్టారు. శాకాహారులకు ముద్దపప్పూ, ఆవకాయా, గోంగూరా ఎలాగూ ఉంటాయి. వేసవిలో వస్తే తాటిముంజలు, చలికాలంలో వస్తే తేగలు రోడ్డు పక్కనే దొరుకుతాయి. తేగ కాల్చినది బాగుంటుందా, ఉడకబెట్టినది బాగుంటుందా అనే విషయమై ఊళ్ళో ఎవరిని అడిగినా ఒక గంటసేపు వాదిస్తారు.

మధ్యాహ్నం ఎండ తగ్గాక మంగినపూడి బయలుదేరాము. బందరు రేవుపట్నమే గాని, ఊళ్ళో నిలబడి చూస్తే సముద్రం కనబడదు. పది పన్నెండు కిలోమీటర్లు పోవాలి. విశాఖపట్నంలాగా దూరం నుంచే నీలంగా మెరుస్తుందనుకున్న పిల్లలకు మొదట ఆశాభంగమైంది. మంగినపూడి తీరంలో తెల్లని ఇసుక ఉండదు, మట్టి నల్లగా ఉంటుంది. నీళ్ళూ నీలంగా ఉండవు. కాని నీళ్ళలో దిగగానే వాళ్ళ ముఖాలు మారిపోయాయి. ఎంత దూరం నడిచినా నీళ్ళు మోకాళ్ళు దాటవు! కార్తీక పున్నమికీ, మాఘ పున్నమికీ వేలమంది ఇక్కడ సముద్రస్నానానికి వస్తారు.

ఒక్క మాట పెద్దలతో చెప్పాలి. లోతు లేదు గదా అని పిల్లలను వదిలిపెట్టి మీరు ఒడ్డున మొక్కజొన్న పొత్తులు తింటూ కూర్చోవద్దు. అడుగున ఎక్కడ గొయ్యి ఉంటుందో, నీటి లాగు ఎటు ఉంటుందో పైకి తెలియదు. నడుం లోతుకు పోనివ్వకండి, చేయి వదలకండి.

"ఇప్పుడు చెప్పు, ఓడలెందుకు లేవో" అన్నాను మేనకోడలితో.

ఆ పిల్ల తన మోకాళ్ళ వంక చూసుకున్నది. "లోతు లేదు, మామయ్యా. ఓడ వస్తే నేలకు తగులుతుంది" అన్నది.

"లోతు ఎందుకు లేదు?"

"కృష్ణ తెచ్చిన మట్టి!" అని అరిచాడు పిల్లవాడు.

అంతే. పొలాలను పరిచిన కృష్ణే సముద్రం అడుగునా మట్టి పరిచింది. పూర్వం తెరచాప ఓడలు కూడా ఒడ్డుకు రాలేక దూరాన లంగరు వేసేవి. చిన్న పడవల్లో సరుకు చేరవేసేవారు. అయినా ఇక్కడి బట్టల కోసం అందరూ వచ్చారు. డచ్చివారు వచ్చారు. 1611లో ఇంగ్లీషువారు వచ్చి వర్తకశాల పెట్టారు. ఫ్రెంచివారు 1750లో ఊరు పట్టుకున్నారు, 1759లో ఇంగ్లీషువారు దాన్ని వారి దగ్గర నుంచి లాక్కున్నారు. ఇదంతా చరిత్ర పుస్తకంలో చదవనక్కరలేదు. బందరులో రిక్షా ఎక్కితే చాలు. ఊళ్ళో ఒక పేట పేరు ఇంగ్లీషుపాలెం, ఇంకొకటి వలందపాలెం, మరొకటి పరాసుపేట. వలందులంటే డచ్చివారు, పరాసులంటే ఫ్రెంచివారు. వచ్చినవాళ్ళు పోయారు, పేర్లు మిగిలాయి. డచ్చివారి సమాధులు కూడా ఇక్కడ ఉన్నాయి. ఆ రాళ్ళ మీద వారి వంశాల ముద్రలు ఎంత నేర్పుగా చెక్కారో, నాలుగు వందల ఏళ్ళకు దగ్గరవుతున్నా స్పష్టంగా కనబడతాయి.

ఓడలు ఆవిరితో నడవడం వచ్చి పెద్దవైనకొద్దీ, లోతు లేని రేవు వెనకబడిపోయింది. లోతైన రేవులు ఉన్న ఊళ్ళు పెరిగాయి. 2023 మే నెలలో మంగినపూడి దగ్గరలోనే కొత్త రేవు పని మొదలుపెట్టారు. ఓడలు రావడానికి సముద్రంలో మట్టి తోడి లోతు దారి తవ్వడం ఆ పనిలో పెద్ద భాగం. కృష్ణ వేల ఏళ్ళు పోసిన మట్టిని మనుషులు తవ్వుతున్నారన్నమాట.

ఆ రాత్రి ఊళ్ళో మిత్రుల ఇంట్లో పడుకున్నాము. గాలి కొంచెం విసురుగా ఉన్నది. మా మేనకోడలికి నిద్ర పట్టలేదు. "మామయ్యా, తుఫాను సంగతి చెప్పనే లేదు" అన్నది. పిల్లలను భయపెట్టడం నాకిష్టం లేదు. కాని అడిగినదానికి అబద్ధం చెప్పడం అంతకన్నా ఇష్టం లేదు. అందుకని చెప్పాను.

1864 నవంబరు 1వ తేదీ రాత్రి. అప్పుడు రేడియో లేదు. సముద్రం మీద ఏమి జరుగుతున్నదో ఒడ్డున ఉన్నవారికి తెలిసే మార్గమే లేదు. చీకటిపడేసరికి పెనుగాలి పట్టుకున్నది. రాత్రివేళ సముద్రం లేచి ఊరి మీదికి వచ్చింది. మామూలు పోటు కంటే పదమూడు అడుగుల ఎత్తున వచ్చిందని రాశారు. అంటే ఇద్దరు మనుషుల నిలువు కంటే ఎక్కువ. పరుగెత్తి ఎక్కడానికి ఒక దిబ్బ కూడా లేదని మీకు తెలుసు గదా, రైల్లో వెతికారు. బందరులోను, చుట్టుపక్కల పల్లెల్లోను సుమారు ముప్ఫైవేలమంది ప్రాణాలు పోయాయి. ఆ రాత్రి తరవాత బందరు మళ్ళీ పాత బందరు కాలేదు.

"అన్ని నీళ్ళు ఎలా లేస్తాయి?" అని అడిగింది. నేను వంటింట్లో నుంచి ఒక పళ్ళెంలో కొద్దిగా నీళ్ళు పోసి తెచ్చాను. "ఒక వైపు నుంచి గట్టిగా ఊదు" అన్నాను. ఊదింది. నీళ్ళు అవతలి అంచుకు పోయి గుట్టగా పేరుకుని అంచు దాటాయి. తుఫాను గాలి చేసే పనీ ఇదే. సముద్రం లోతుగా ఉంటే, గాలి నెట్టిన నీళ్ళు అడుగు నుంచి వెనక్కు పోతాయి. లోతు లేనిచోట వెనక్కు పోవడానికి చోటు ఉండదు. గాలి నెడుతూనే ఉంటుంది, నీళ్ళు పైకి లేస్తూనే ఉంటాయి, చివరకు ఒడ్డెక్కుతాయి. దీన్ని ఉప్పెన అంటాము. సాయంత్రం మనం మోకాటిలోతు నీళ్ళలో ఆడుకున్నామే, ఆ లోతు లేకపోవడమే ఉప్పెనను అంత ఎత్తు చేస్తుంది. ఓడలను రానివ్వనిదీ అదే.

1977 నవంబరు 19న మళ్ళీ అటువంటి ఉప్పెన వచ్చి, పక్కనున్న దివిసీమను ముంచేసింది. పదివేలమందికి పైగా పోయారు. దివిసీమలో ఇప్పటికీ చాలా ఇళ్ళలో, వాన పడే రాత్రి పెద్దవాళ్ళు ఆ సంగతి చెప్పకుండా ఉండలేరు.

ఆ పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. "మళ్ళీ వస్తే?" అన్నది చివరకు.

తుఫానులు మళ్ళీ వచ్చాయి. 1990 మే 9న ఇంచుమించు అంత బలమైన తుఫాను కృష్ణా తీరాన్ని తాకింది. కాని ఈసారి అది వస్తున్నదని ముందే తెలిసింది. లక్షకు పైగా జనాన్ని ముందుగానే ఎత్తు ప్రదేశాలకు తరలించారు. చనిపోయినవారు వెయ్యికి లోపు. అదీ చిన్న సంఖ్య కాదు. కాని 1977 పక్కన పెట్టి చూడండి. ఇప్పుడు బందరులోనే వాతావరణ శాఖవారి రాడారు ఉన్నది. సుమారు నాలుగు వందల కిలోమీటర్ల దూరాన సముద్రం మీద మేఘాలు ఎలా తిరుగుతున్నాయో అది కనిపెడుతుంది. మీరు వార్తల్లో వినే నంబర్లు ఒకటి నుంచి పదకొండు దాకా ఉంటాయి. మూడో నంబరంటే రేవుకు గాలివాన ప్రమాదం ఉండవచ్చు, జాగ్రత్త అని. పదో నంబరంటే మహా ప్రమాదం. పదకొండో నంబరంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. 'ఎగరవేశారు' అంటారే గాని అది జెండా కాదు. పగలు డోళ్ళ ఆకారంలోను, శంకువుల ఆకారంలోను చేసిన గుర్తులు స్తంభానికి కడతారు. రాత్రిపూట ఎరుపు తెలుపు దీపాలు పెడతారు. కృష్ణ సముద్రంలో కలిసేచోట మడ అడవి ఉన్నది. బురదలో వేళ్ళూని, నీళ్ళలోనే పెరిగే చెట్లు అవి. ఆ వేళ్ళ గుబురు అలల బలాన్ని చాలావరకు విరిచేస్తుంది. ఆ అడవిని నరికితే ఎవరికి నష్టమో నేను చెప్పనక్కరలేకుండానే ఆ పిల్ల చెప్పింది.

ఆ తరవాత ఆమె నిద్రపోయింది. నాకే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తెల్లవారుజామున గిలకలదిండి వెళ్ళాము. చేపల రేవు చూడాలంటే పొద్దెక్కకముందే పోవాలి. మరపడవలు వరసగా వచ్చి ఆగుతున్నాయి. చందువలు, వంజరాలు, పండుగొప్పలు, నెత్తళ్ళు, పీతలు, రొయ్యలు గంపలకెత్తుతున్నారు. వేలంపాట జోరుగా సాగుతున్నది. పాట పాడే అతను ఒక్క గుక్కలో ఎన్ని అంకెలు చెబుతాడో లెక్కపెట్టాలని మావాడు ప్రయత్నించి ఓడిపోయాడు. ఇక్కడా మట్టి గొడవే. సముద్రంలో నుంచి లోపలికి వచ్చే పాయ నోరు పూడుకుపోతూ ఉంటుంది, పోటు వచ్చేదాకా పడవలు ఆగవలసి వస్తుంది. చేపలు పట్టడం కంటే పట్టినవి ఒడ్డుకు చేర్చడమే కష్టమని ఒక ముసలాయన అన్నాడు.

తిరుగుదారిలో చిలకలపూడి పాండురంగస్వామి గుడి చూశాము. భక్త నరసింహం గారు పండరీపురం గుడి పద్ధతిలో 1929లో దీన్ని ప్రతిష్ఠించారు. చిలకలపూడికి ఇంకొక పేరు కూడా ఉన్నది. అసలు బంగారమేదో, పూత బంగారమేదో చూపుకు తెలియని నగలు ఇక్కడ చేస్తారు. రాగి మీద పలచని బంగారు పొర ఎక్కించిన నగలవి. బందరులో పెద్దలు చేసిన పనులు చెప్పడం మొదలుపెడితే ఈ పత్రికలో చోటు చాలదు. పట్టాభి సీతారామయ్య గారు 1923లో ఆంధ్రా బ్యాంకు స్థాపించినది ఈ ఊళ్ళోనే. ఆ బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. జాతీయజెండా రూపొందించిన పింగళి వెంకయ్య గారు పుట్టిన భట్లపెనుమర్రు కూడా బందరుకు దగ్గర పల్లెటూరే.

ఇక పెడన. గ్రీకు నావికుడు చెప్పిన నూలుబట్టల సంగతి ఇక్కడ కళ్ళారా చూడవచ్చు. కలంకారీ బట్టల మీద అద్దకం ఇక్కడ చేస్తారు. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు, ఇక్కడ టేకు చెక్క మీద పువ్వులూ లతలూ చెక్కిన అచ్చులతో అద్దుతారు. ఒకప్పుడు ఈ తీరం నుంచి పోయిన రంగుబట్టల కోసం ఐరోపాలో జనం ఎంత ఎగబడ్డారంటే, తమ నేతపనివారు చితికిపోతున్నారని ఫ్రాన్సు ప్రభుత్వం 1686 నుంచి 1759 దాకా అటువంటి బట్టలను నిషేధించింది. నిషేధించినా దొంగచాటుగా కట్టుకునేవారట!

మేము వెళ్ళిన చోట ఒకతను బల్ల ముందు నిలబడి అచ్చు ముంచి అద్దుతున్నాడు. మా మేనకోడలు చాలాసేపు చూసి, "ఈయన అద్దుతున్నాడు గాని రంగే పడడం లేదు, మామయ్యా" అని నా చెవిలో చెప్పింది. నిజమే, గుడ్డ మీద సరిగా ఏమీ కనబడడం లేదు. ఆయన విని నవ్వి, "ఇది పటిక, అమ్మా. రంగు దీనికి తరవాత పడుతుంది" అన్నాడు. ఆ గుడ్డను ఎర్రరంగు ఇచ్చే వేళ్ళతోను, చెక్కలతోను నీళ్ళలో ఉడికిస్తే, పటిక తగిలినచోట మాత్రమే ఎరుపు గట్టిగా పట్టుకుంటుంది. తక్కినచోట ఉతికితే పోతుంది. పటికకు తనకంటూ రంగు లేదు. అది గుడ్డకూ రంగుకూ మధ్య ముడివేస్తుంది. పూర్వం ఆ ఎరుపు చిరివేరు అనే మొక్క వేళ్ళ నుంచి తీసేవారు. ఆ మొక్క కృష్ణా తీరపు ఇసుకనేలల్లోనే పెరిగేది.

నలుపు ఇంకా చిత్రం. గుడ్డను ముందు కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరబెడతారు. తుప్పుపట్టిన ఇనుము బెల్లం నీళ్ళలో నానబెట్టి, పులిసిన ఆ నీటిని అచ్చుతో అద్దుతారు. అద్దిన చోటల్లా కళ్ళముందే నల్లగా మారిపోతుంది. కరక్కాయలోని వగరుపదార్థమూ, ఇనుమూ కలిస్తే నలుపు పుడుతుంది. పూర్వం రాతసిరా కూడా ఇలాగే చేసేవారు. అద్దడం, ఉడకబెట్టడం, పారే నీళ్ళలో ఉతకడం, ఎండబెట్టడం, మళ్ళీ అద్దడం. ఒక గుడ్డ పూర్తికావడానికి రోజులు పడుతుంది. మబ్బుపట్టినా, కాలవలో నీళ్ళు రాకపోయినా పని ఆగిపోతుంది. ఇప్పుడు తెరతో గబగబ అచ్చువేసి, రసాయనపు రంగులు పూసిన బట్టలు కూడా కలంకారీ అనే పేరుతోనే చవకగా అమ్ముతున్నారు. కొనేవారికి తేడా తెలియదు. "మీ అబ్బాయి ఈ పని నేర్చుకున్నాడా?" అని నేను ఆయన్ని అడిగాను. ఆయన అచ్చు ముంచి, సరిగ్గా కిందటి పువ్వు అంచుకు కలిసేలా అద్ది, అప్పుడు తల ఎత్తాడు. "సెలవుల్లో వస్తాడండి. చెయ్యి బాగానే పడుతుంది. ఉంటాడో ఉండడో మరి" అన్నాడు.

నేను అక్కడ ఒక దుప్పటి కొన్నాను. బేరం ఆడలేదు.

ఇంటికి వచ్చాక పిల్లలు ఊరుకోలేదు. కరక్కాయ కావాలన్నారు. కరక్కాయ లేకపోతే టీ డికాషను పనికివస్తుంది, దానిలోనూ వగరు ఉన్నది. మీరు కూడా చేసి చూడవచ్చు. తుప్పుపట్టిన మేకులు నాలుగైదు తీసుకుని, ఒక పాత సీసాలో బెల్లం నీళ్ళు పోసి అందులో వేయండి. మూత బిగించకుండా ఒక వారం రోజులు ఎండలో ఉంచండి. ఇది తాగేది కాదు, చిన్నపిల్లలకు అందకుండా పెట్టండి. పాలు లేని చిక్కటి డికాషనులో పుల్ల ముంచి తెల్లకాగితం మీద ఏదైనా రాసి ఆరనివ్వండి. అక్షరాలు లేతగా, కనీకనబడకుండా ఉంటాయి. ఇప్పుడు మేకుల నీళ్ళలో దూది ముంచి మెల్లిగా పైన అద్దండి.

మావాడు వాళ్ళక్కకు తెలియకుండా కాగితం మీద ఏదో రాసి తెచ్చాడు. ఆమె దూదితో అద్దగానే ఒక్కొక్క అక్షరమే నల్లగా పైకి వచ్చింది: 'బందరు లడ్డు ఇంకొకటి ఎక్కడ దాచావు?'